సల్వా దారి మూసిన ఏళ్ళు

ఘాలియాకు చూపు పోయి పదకొండేళ్ళయింది గానీ నోటి పదును మాత్రం తగ్గలేదు. ఖతార్‌లోని వక్రాలో తమ వీధిలో ఎవరింటికి చుట్టాలొచ్చారో, ఎవరి కోడలు ఎవరితో మాటలు మానేసిందో కిటికీ పక్కన మంచం దిగకుండానే చెప్పేది. ఆమె తలాపున రేడియో పొద్దస్తమానం గొణుగుతూ ఉండాల్సిందే. ఆ ఏడు రంజాన్ నెల పదో రోజున, తెల్లారి ఇంకా ఎండెక్కక ముందు, ఆమె ముఖం తుడవడానికి కోడలు లూల్వా తడి తువ్వాలు పట్టుకుని గదిలోకి వచ్చింది.

"మీవాళ్ళు తలుపేశారు," అంది ఘాలియా.

"ఏ తలుపు, యుమ్మా?" అత్తను ఆమె యుమ్మా అనే, అంటే అమ్మా అనే పిలుస్తుంది.

"సల్వా దగ్గర. దారి మూసేశారట. విమానాల్లేవు, ఓడల్లేవు. మన రాయబారుల్ని మూటాముల్లే సర్దుకోమన్నారు. మీ సౌదీ వాళ్ళు, ఎమిరేట్ల వాళ్ళు, బహ్రెయిన్ వాళ్ళు, ఈజిప్టు వాళ్ళు, నలుగురూ కూడబలుక్కున్నారు."

"నాలుగు రోజుల్లో సర్దుకుంటారులే. అన్నదమ్ముల తగువు."

"అన్నదమ్ముల తగువే నలభై ఏళ్ళు నడుస్తుంది పిల్లా. పరాయివాడితో అయితే పూటలో తేలిపోతుంది. నీళ్ళు చల్లగా ఉన్నాయి, మెల్లిగా తుడువు."

లూల్వాకు యాభై ఏళ్ళు. సౌదీలోని అహ్సాలో, హుఫూఫ్ పట్నంలో పుట్టింది. ఇరవై రెండో ఏట ఘాలియా పెద్దకొడుకు ముబారక్‌ను చేసుకుని ఖతార్ వచ్చింది. పిల్లలు కలగలేదు. ఆరేళ్ళ కిందట ముబారక్ గుండె ఆగి పోయాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో అత్తాకోడళ్ళిద్దరూ, జెన్నెట్ అనే ఇథియోపియా పనమ్మాయీ. చిన్నకొడుకు జాసిం భార్యాపిల్లలతో దోహాలో ఉంటాడు, సాయంత్రాలు వచ్చి పోతుంటాడు. తల్లిని తన ఇంటికి తీసుకుపోతానని ఎన్నోసార్లు అన్నాడు. ఆమె కదలనంది. స్నానం, తల దువ్వడం, మందులు ఏవైనా లూల్వా చేత్తోనే జరగాలి. జరుగుతున్నంతసేపూ లూల్వాను తిడుతూనే ఉండాలి.

పెళ్ళయి ఇరవై ఎనిమిదేళ్ళయినా లూల్వా చేతిలో ఉన్నది సౌదీ పాస్‌పోర్టే. కూతురు దేశం మార్చుకుంటే తండ్రి ఈసా చిన్నబుచ్చుకుంటాడని ఖతార్ పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోలేదు. అవసరమూ పడలేదు. మధ్యాహ్నం తిని బయల్దేరితే సల్వా దాటి, పొద్దువాలే వేళకు తండ్రి ఖర్జూర తోటలో ఉండేది. పొలిమేర దగ్గర అధికారులు ముఖం చూసి, "మళ్ళీ వచ్చావా అత్తా" అని నవ్వి పంపేవాళ్ళు.

ఆ సాయంత్రం అన్నయ్య అబ్దుల్ లతీఫ్ ఫోన్ చేశాడు. అతను హుఫూఫ్‌లో ఒక సర్కారు బడికి హెడ్మాస్టరు. మామూలుగా పది మాటలకు తొమ్మిది హాస్యాలాడే మనిషి. ఆ రోజు బళ్ళో ప్రకటన చదివినట్టు మాట్లాడాడు.

"మన దేశస్తులంతా పధ్నాలుగు రోజుల్లో వచ్చెయ్యాలి. విన్నావా?"

"విన్నాను అన్నా. మరి యుమ్మా?"

"ఆవిడకు కొడుకున్నాడు, మనవలున్నారు. నీకు అక్కడ ఎవరున్నారు? ముబారక్ కూడా లేడాయె."

"కొంచెం ఆలోచించుకోనీ."

"ఆలోచించడానికి ఇది పెళ్ళిసంబంధం కాదు లూల్వా. గడువు దాటితే ఏమవుతుందో నాకు తెలీదు. ఇదిగో, నాన్న."

ఎనభై ఏళ్ళ ఈసాకు ఫోన్లో మాట్లాడడం చేతకాదు. తోటలో ఆ చివరనున్న మనిషిని పిలిచినట్టు అరుస్తాడు. "బిడ్డా, వస్తున్నావుగా?" అన్నాడు. "వస్తున్నా నాన్నా," అంది లూల్వా. ఇంకేమనగలదు?

పన్నెండు రోజులు అలాగే గడిచాయి. అంగళ్ళలో పాలు, కోడిమాంసం రెండు రోజులు దొరకలేదు. మూడోరోజుకు టర్కీ పాలు వచ్చాయి. వాటి రుచి చూసి ఘాలియా, "ఈ ఆవు కూడా మనతో మాట్లాడ్డం మానేసినట్టుంది, పాలల్లో ప్రేమ లేదు," అంది. ప్రయాణం సంగతి మాత్రం ఆమె ఎత్తలేదు. చివరికి జాసిమే తేల్చాడు.

"వదినా, రేపు పొద్దున్నే నేను దిగబెడతాను. యుమ్మాను మేం చూసుకుంటాం. నువ్వు చేసింది చాలు. రుణం కాదు కదా ఇది."

లోపలినుంచి ఘాలియా గొంతు వినిపించింది. "వెళ్ళమను. నేను ఆమెకు ఏమవుతానని? కన్నతల్లినా?"

మర్నాడు పొద్దున ఆమె లూల్వాను దగ్గరికి పిలవలేదు. జెన్నెట్ చేతే ముఖం కడిగించుకుంది, జెన్నెట్ చేతే బట్టలు కట్టించుకుంది. ఆ పిల్ల కంగారులో మెడ దగ్గరి గుండీ తప్పు కాజాలో పెట్టింది. ఇంకో రోజయితే ఘాలియా ఇల్లు పీకి పందిరేసేది. ఇప్పుడు కిమ్మనకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. లూల్వా వంగి నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. "దారిలో ఎండగా ఉంటుంది, నీళ్ళు పెట్టుకో. ప్రయాణంలో ఉపవాసం తప్పినా పాపం లేదు," అంది ముసలామె. ఒక్క తిట్టు కూడా లేదు.

అబూ సమ్రా వరకూ గంటపైన ప్రయాణం. అది ఖతార్ వైపు ఆఖరి గడప. దాని అవతలే సల్వా. కార్లు బారులు తీరి ఉన్నాయి. కొందరు దిగి కౌగిలించుకుంటున్నారు, కొందరు కారులోంచి దిగకుండా ఎటో చూస్తున్నారు. వెనక్కి మళ్ళించిన సరుకు లారీలు ఓ పక్కన ఆగి ఉన్నాయి. సౌదీ మేతభూముల్లోంచి తరిమేసిన ఖతార్ ఒంటెలు కంచె అవతల ఎండలో నిలబడి ఇటే చూస్తున్నాయి.

కిటికీ వెనకున్న ఖతార్ అధికారి కుర్రవాడు. ఆమె పాస్‌పోర్టు తిరగేసి తల ఎత్తాడు. "వెళ్ళొచ్చమ్మా. మేం ఎవరినీ ఆపట్లేదు. తిరిగి రావడమే... అది అటువాళ్ళు రానిస్తేనే. నా చేతుల్లో లేదు."

"ఎన్నాళ్ళకు తెరుస్తారు బాబూ?"

"నాకే తెలిస్తే మా అక్క పెళ్ళి వాయిదా వేసేవాళ్ళం కాదు. పెళ్ళికొడుకుది సౌదీలో దమ్మాం."

స్టాంపు అతని చేతిలో ఉంది. లూల్వాకు ఆ క్షణాన తండ్రి ముఖం తలపుకు రాలేదు. తప్పు కాజాలో ఇరుక్కున్న గుండీ గుర్తొచ్చింది. పాస్‌పోర్టు ఇచ్చెయ్యమని చెయ్యి చాపింది.

కారెక్కి కూర్చుని, "తిప్పు జాసిం," అంది.

అతను ఆమె వంక చూసి కారు తిప్పాడు.

గదిలోకి అడుగుపెట్టగానే ఘాలియా, "ఏం మర్చిపోయావు?" అంది.

"ఏమీ మర్చిపోలేదు."

"అయితే ఈ గుండీ సరిచెయ్యి. పొద్దుట్నుంచీ మెడ పట్టేస్తోంది."

ఆ సాయంత్రమే లూల్వా హుఫూఫ్‌కు ఫోన్ చేసి రావడం లేదని చెప్పింది. అబ్దుల్ లతీఫ్, "నాన్న పొద్దుట్నుంచీ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు," అన్నాడు. "నేనేం చెప్పను ఆయనకు?"

"ఆమె గుడ్డిది అన్నా."

"నాన్న ముసలివాడు." గొంతు తగ్గించాడు. "ఇంకో మాట. నువ్వు నాకు ఫోన్ చెయ్యకు. బళ్ళో అడుగుతున్నారు, మీ చెల్లెలు అక్కడే ఉండిపోయిందటగా అని. ఎవడు ఏ మనసుతో అడుగుతున్నాడో తెలీదు. నాకూ ముగ్గురు పిల్లలున్నారు."

లూల్వా రెండుసార్లు పండగనాడు చేసి చూసింది. ఎత్తలేదు. మూడోసారి ఆ నంబరు పనిచెయ్యడం లేదని వచ్చింది.

అలా మొదలైన ఒంటరితనానికి చప్పుడు లేదు. వీధిలో ఎవరూ ఆమెను ఒక్క మాటనలేదు. ఆడవాళ్ళ కూటాల్లో ఆమె అడుగుపెట్టగానే మాట మాత్రం ఠక్కున మారేది. ఎవరో ఒకరు జరిగి చోటిచ్చి, "రా లూల్వా, నువ్వు మా మనిషివేగా," అనేవాళ్ళు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఎవరికీ ఆ మాట చెప్పాల్సిన పని పడలేదు. కువైట్ అమీరు రాయబారం నడిపినప్పుడల్లా ఇదిగో తెరుస్తారు, అదిగో తెరుస్తారు అన్నారు. రేడియోలో, దారి తెరవాలంటే ఖతార్ ఒప్పుకోవాల్సిన "పదమూడు షరతులు" అని వినిపించినన్నాళ్ళూ లూల్వా చెవులు రిక్కించి వినేది. తర్వాత వినడం మానేసింది. మరుసటేడు ఆమె పాస్‌పోర్టు గడువు తీరింది. కొత్తది ఇవ్వాల్సిన సౌదీ రాయబార కార్యాలయానికి తాళం వేసుంది. రెండు వైపులవాళ్ళనూ రానిచ్చే కువైట్‌లో పుట్టింటివాళ్ళను కలుసుకుని వచ్చే ఆడవాళ్ళు ఊళ్ళో ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్ళు వెళ్ళొచ్చి ఫొటోలు చూపించేవాళ్ళు. చెల్లని పాస్‌పోర్టుతో లూల్వా ఎక్కడికి పోగలదు?

మూడో చలికాలంలో ఒక మధ్యాహ్నం కువైట్ నుంచి పినతండ్రి కూతురు బద్రియా ఫోన్ చేసింది. ముందు ఆరోగ్యం అడిగింది, తర్వాత వానల గురించి అడిగింది. తర్వాత ఏడ్చింది. ఈసా పోయాడు. నిద్రలో పోయాడు, బాధపడలేదు. పోయి నాలుగు రోజులైంది. ఖననం, మూడు రోజుల పరామర్శలు అన్నీ అయిపోయాయి.

"నాలుగు రోజులా?"

"అబ్దుల్ లతీఫ్ నిన్ననే నాతో చెప్పాడు. నీకు చెప్పమని అనలేదు. చెప్పొద్దనీ అనలేదు."

లూల్వా ఫోన్ పెట్టేసి వంటింట్లోకి పోయింది. పొయ్యి మీద అన్నం దించింది, చేప ముళ్ళు తీసింది, పళ్ళెం పట్టుకుని అత్త గదిలోకి వచ్చింది. ఘాలియా ముద్దకు నోరు తెరవలేదు.

"ఎవరు పోయారు?" అంది.

"ఎవరూ..."

"నీ చెప్పుల చప్పుడు నాకు తెలీదా? కాళ్ళు ఈడుస్తున్నావు. ముబారక్ పోయినప్పుడు ఇలాగే నడిచావు."

లూల్వా పళ్ళెం నేల మీద పెట్టి ఆ మంచం పట్టె దగ్గరే కూలబడింది. ముసలామె చెయ్యి గాలిలో తడుముకుంటూ వచ్చి ఆమె తల మీద ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది.

సాయంత్రం జాసిం రాగానే హుకుం అయింది. "పెద్దగది తెరిపించు. తివాచీలు దులిపించు. రేపట్నుంచి మూడు రోజులు కాఫీ ఆరకూడదు. ఈసాకు పరామర్శ ఇక్కడ."

జాసిం ఇబ్బందిగా కదిలాడు. "యుమ్మా, ఆయన పోయి నాలుగు రోజులైందట. పైగా రోజులు చూస్తున్నావు కదా, జనం..."

"నీ పైగాలు నీ దగ్గరే ఉంచుకో. నీ వదిన తండ్రి పోయాడు. నాలుగు రోజులు ఆలస్యమైతే చావు చావు కాకుండా పోతుందా?"

జనం వచ్చారు. మొదటిరోజు గది సగం నిండింది. నల్లని దుస్తుల్లో ఆడవాళ్ళు వరసగా వచ్చి లూల్వా చెంపలు తాకి, "అల్లా నీకు పుణ్యం పెంచుగాక," అని కూర్చున్నారు. ఏలకుల కాఫీ తిరిగింది. కాసేపటికి మాటలు మెల్లగా దారి మూసిన సంగతికే మళ్ళాయి: కువైట్ ఏమంది, అమెరికా ఎవరి పక్షం, పాల కొరత తీర్చడానికి విమానాల్లో దింపిన ఆవులు ఎన్ని లీటర్లిస్తున్నాయి. ఆ మధ్యలో తండ్రిని పోగొట్టుకున్న మనిషి దిండుకు ఆనుకుని కూర్చుంది. వచ్చినవాళ్ళలో ఈసా ముఖం ఎరిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆయన చెట్టెక్కుతూ పాడుకునేవాడని, పిల్లలకు కథ చెబుతూ మధ్యలో తానే నిద్రపోయేవాడని ఎవరితో చెప్పుకోవాలి?

రెండోరోజు పొరుగింటి ఉమ్ సఊద్ పక్కామెతో గుసగుసలాడింది. "దారి మూసింది వాళ్ళు, వాళ్ళ చావుకు మన కాఫీలు. బాగుంది."

గుడ్డివాళ్ళ దగ్గర గుసగుసలు చెల్లవని ఆమె మరిచిపోయినట్టుంది. ఘాలియా చేతికర్ర నేలకు తాటించింది. గది సద్దుమణిగింది.

"ఉమ్ సఊద్, నీ వయసెంత?"

"అరవై, యుమ్మా."

"అయితే నువ్వు పుట్టకముందు సంగతి. నాకు పదమూడేళ్ళు. ముత్యాల బేరం మునిగింది. ఈ ఊళ్ళో సగం ఇళ్ళకు దిక్కులేదు, పిల్లులు కూడా పారిపోయాయి. మా నాన్న మమ్మల్ని పడవలో అహ్సా తీరాన ఉఖైర్ రేవుకు చేర్చి, అక్కణ్ణుంచి గాడిదల మీద హుఫూఫ్ తీసుకుపోయాడు. రెండేళ్ళు వాళ్ళ తోటల్లో రాలిన ఖర్జూరాలేరుకుని బతికాం. ఏ దేశపుదానివని అడిగినవాడు లేడు. నా కొడుక్కి పిల్లను వెతికేటప్పుడు మీ అందరి కూతుళ్ళనూ కాదని అహ్సాకు ఎందుకు పోయాననుకున్నారు? ఇప్పుడు చెప్పాను, తాగండి కాఫీ."

ఉమ్ సఊద్ కప్పు తీసుకుంది. మూడోరోజు ఆమె పెద్ద గిన్నెతో, గోధుమలూ మాంసమూ కలిపి హరీస్ వండి తెచ్చింది. కానీ ఆ రోజు వచ్చినవాళ్ళు తక్కువ. సాయంత్రపు అసర్ నమాజు వేళ దాటాక గదిలో అత్తాకోడళ్ళే మిగిలారు.

"ఎలా ఉండేవాడు మీ నాన్న? చెప్పు. వింటాను," అంది ఘాలియా.

లూల్వా చెప్పింది. ముసలామె మధ్యలో నిద్రపోయింది. అయినా చెబుతూనే ఉంది.

మరుసటేడు వసంతంలో, కరోనా రోజుల్లో, రెండు రోజుల జ్వరంతో ఘాలియా కన్నుమూసింది. ఖననానికి నలుగురు మగవాళ్ళనే రానిచ్చారు. పరామర్శలకు గుమిగూడకూడదని ఆంక్ష. ఊరికంతటికీ నోరైన మనిషికి చివరికి ఫోన్లలోనే సంతాపాలు అందాయి. లూల్వా పెద్దగది తెరిచి, కాఫీ కాచి, కప్పులు వరసగా పేర్చి మూడు రోజులూ అక్కడే కూర్చుంది. ఎవరూ రారని తెలుసు. జెన్నెట్ తలుపు దగ్గర నిలబడి చూసి, మూడోరోజు తానే వచ్చి ఎదురుగా కూర్చుని ఒక కప్పు తాగింది.

తర్వాతి జనవరిలో దారి తెరిచారు. ఎందుకు మూశారో ఎంత తెలిసిందో, ఎందుకు తెరిచారో కూడా అంతే తెలిసింది. టీవీలో పెద్దలు కౌగిలించుకున్నారు. బద్రియా చేత అన్నయ్యకు కబురంపి, గడువు తీరిన పాస్‌పోర్టుతోనే లూల్వా అబూ సమ్రా చేరింది. సల్వాలో అధికారి దాన్ని అటూ ఇటూ తిప్పి, "సొంతింటికి వచ్చారు, పోండి," అన్నాడు.

అవతల అబ్దుల్ లతీఫ్ కారు దగ్గర నిలబడి ఉన్నాడు. గడ్డం పూర్తిగా తెల్లబడింది. మాస్కు తీయకుండానే చెల్లెలి నుదురు ముద్దు పెట్టుకున్నాడు. దారి పొడుగునా ఇసుక, కరెంటు స్తంభాలు తప్ప ఏమీ లేవు. సగం దూరం పోయాక అతనే నోరు విప్పాడు.

"నువ్వు రానన్నావని నాన్నకు చెప్పలేదు."

"మరేం చెప్పావు?"

"సల్వా దారి మరమ్మతులో ఉందన్నాను. రోజూ అడిగేవాడు. 'ఇంత పెద్ద సర్కారు, ఒక్క రోడ్డుకు ఇన్నాళ్ళా? కాంట్రాక్టరు దొంగై ఉంటాడు' అనేవాడు. చివరి వారం కూడా అడిగాడు. తారు పోస్తున్నారు నాన్నా, ఆరడమే ఆలస్యం అన్నాను."

లూల్వాకు నవ్వు వచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది.

"నాలుగు రోజులు నాకెందుకు చెప్పలేదు?"

అతను రోడ్డు మీదినుంచి చూపు తిప్పలేదు. "భయం. వందమంది పిల్లల ముందు నిలబడి ధైర్యం గురించి చెప్పేవాణ్ణి. ఫోన్ మీద చెయ్యి పడేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదేమో. అప్పుడు తెలీలేదు."

"నాన్నకు మా ఇంట్లో మూడు రోజులు పరామర్శకు కూర్చున్నాం."

"నాన్నకా? ఖతార్‌లోనా?" కారు వేగం తగ్గింది. "ఎవరు చేయించారు?"

"యుమ్మా."

అతను కారు పక్కకు తీసి ఆపాడు.

హుఫూఫ్‌లో లూల్వా రెండు నెలలుంది. వదిన ఏ లోటూ రానివ్వలేదు, అతిథికి పెట్టినట్టు ముందు ఆమెకే వడ్డించేది. తండ్రి గదిలో ఇప్పుడు మేనల్లుడి పుస్తకాలున్నాయి. ఆమె గదిలోకి రాగానే పిల్లలు టీవీ వార్తలు మార్చేసేవాళ్ళు. ఎవరూ చెడ్డవాళ్ళు కారు. మూడున్నరేళ్ళలో ఆమె లేకుండా ఇంటికి అలవాటైపోయింది, అంతే. "ఇక్కడే ఉండిపో," అన్నాడు అన్నయ్య, మనస్ఫూర్తిగానే అన్నాడు. కొత్త పాస్‌పోర్టు చేతికి రాగానే ఆమె వక్రాకు తిరిగి వచ్చేసింది. అక్కడా ఎదురుచూసేవాళ్ళు లేరు. కానీ ఆ ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో చీకట్లో కూడా చెప్పగలదు.

కరోనా ఆంక్షలు పూర్తిగా సడలిన ఏడాది, ఒక శనివారం అబ్దుల్ లతీఫ్ ఒక్కడే కారేసుకుని వక్రా వచ్చాడు. ఇన్నేళ్ళలో ఆ ఇంటికి రావడం అది రెండోసారో మూడోసారో. గుమ్మంలో చెప్పులు విడిచి, "ఎక్కడ కూర్చున్నారు నాన్నకు?" అని అడిగాడు. లూల్వా పెద్దగది తెరిచింది. అతను పైఅంగీ సర్దుకుని, వచ్చినవాళ్ళు కూర్చునే చోట కూర్చోబోయి, ఆగాడు.

"మీ అత్తగారు పోయినప్పుడు ఎవరూ రాలేదన్నావు కదూ?"

"రానివ్వలేదు అన్నా."

అతను ఆమె ఎదుట నిలబడి, పెద్దలకు చెప్పే పద్ధతిలో, "అల్లా నీకు పుణ్యం పెంచుగాక, ఆమెను కరుణించుగాక," అన్నాడు. ఆ తర్వాతే కూర్చున్నాడు. మూడు కప్పులు తాగి, కప్పు ఊపి చాలనిపించాడు. మర్నాడు బళ్ళో పరీక్షలు మొదలన్నాడు. పొద్దు వాలకముందే లేచాడు.

కారు మలుపు తిరిగాక లూల్వా కప్పులు కడిగి బోర్లించింది. గంటన్నర తర్వాత ఫోన్ చేసింది.

"దాటావా?"

"ఇప్పుడే. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు."

"సరే."

"సరే మరి."

ఇద్దరిలో ఎవరూ ఫోన్ పెట్టలేదు. అటువైపు కారు చక్రాల హోరు చాలాసేపు వినిపిస్తూనే ఉంది.